చెక్కకుండా మోసిన మాటలు

మా చర్చి సంఘంలో నెలలో మొదటి ఆదివారం ప్రభువు బల్ల ఉంటుంది. ముందు రొట్టె ముక్కల పళ్ళెం, దాని వెనక ద్రాక్షరసం చిన్న గ్లాసుల ట్రే, వరుసల వెంట చేతులు మారుతూ వస్తాయి. మగవాళ్ళం ఎడమ పక్క, ఆడవాళ్ళు కుడి పక్క కూర్చుంటాం కాబట్టి నా భార్య నాకు ఏటవాలుగా కనిపిస్తుంది. ఆ రోజు పళ్ళెం తన చేతికి వచ్చింది. తీసుకోకుండా పక్కామెకు అందించింది. ట్రే వచ్చింది, అదీ అందించింది. ఎవరికో చూపించాలని కాదు. తలమీది కొంగు కూడా కదలలేదు. మరుసటి నెలా అంతే.

నాచారంలో మేం అద్దెకుండే ఇల్లు చర్చికి దగ్గరే. నడుస్తూ అడిగాను.

"మనసుల కోపం పెట్టుకొని బల్లకు చెయ్యి చాపొద్దని పాస్టర్ అయ్యగారు ప్రతిసారి చెప్తనే ఉన్నరు గదా," అంది. "నాకు నీ చెల్లె మీద కోపముంది. లేదని దేవుని ముందల యాక్టింగ్ చెయ్యమంటవా?"

"కోపం తీసెయ్యరాదు మరి?"

"ఏమన్న స్విచ్చా, బందు వెయ్యనీకి?"

ఆ మధ్యాహ్నమంతా నాకు అదే ఆలోచన. కడుపు ఆపరేషన్ అయి దవాఖానాలో లేవలేని స్థితిలో ఉన్నప్పుడు కూడా అయ్యగారిని పిలిపించుకుని మంచం మీదే బల్ల తీసుకున్న మనిషి ఆమె. ఇడ్లీ వద్దంది, మందులు వద్దంది, అది మాత్రం అడిగి తీసుకుంది. అలాంటిది పళ్ళెం చేతిదాకా వచ్చి వెళ్ళిపోతుంటే ఆమెకు ఎంత వెలితిగా ఉంటుందో నాకు తెలుసు. కోపం మా చెల్లెలి మీద, ఆకలి మాత్రం ఈమెది.

మా చెల్లెలు నారపల్లిలో ఇల్లు కట్టుకుంది. భర్త వరంగల్ వైపు పల్లె నుంచి ఫ్యాక్టరీ పనికి వచ్చిన హిందూ కుటుంబం అబ్బాయి, ఇష్టపడి చేసుకున్నారు. కొత్త ఇంట్లో దిగే రోజు పొద్దున అత్తగారి తరఫు పూజ, మధ్యాహ్నం మా తరఫు ప్రార్థన అని భార్యాభర్తలు ముందే మాట్లాడి పెట్టుకున్నారు. నా భార్య అంతకుముందు రోజే అక్కడికి వెళ్ళింది. బగారా అన్నం, కోడికూర, దాల్చా, వచ్చిన వాళ్ళందరికీ ఆమె చేతి వంటే. వంటమనిషిని పెడదామని చెల్లెలు అంటే వద్దన్నది కూడా ఈమే.

ప్రార్థన చివర అయ్యగారు ఇంటికి సాయపడిన వాళ్ళందరినీ పేరుపేరునా తలచుకున్నారు. మేస్త్రీ పేరు వచ్చింది. కరెంటు పని చేసినతని పేరు వచ్చింది. కట్టినన్ని రోజులూ నీళ్ళిచ్చిన పక్క ప్లాటు ఆయన పేరు వచ్చింది. టైల్స్ లెక్క కట్టినందుకు నా పేరు కూడా వచ్చింది. వంటగదిలో గిన్నెల మధ్య తల వంచి నిలబడిన ఆమె పేరు రాలేదు. అందరం ఆమేన్ అన్నాం. నేను భోజనాల దగ్గరికి తిరిగేసరికి నా భార్య సంచి భుజాన వేసుకుని రోడ్డెక్కేసింది.

మా వైపు శుభకార్యానికి వచ్చి అన్నం ముట్టకుండా వెళ్ళడమంటే ఇంటివాళ్ళ చెంప మీద కొట్టడమే. అందులో ఇది కొత్త ఇంట్లో మొదటి బంతి; వండిన చెయ్యే తినకుండా వెళ్ళింది. అక్కడితో వదినా ఆడబిడ్డల మధ్య మాటలు ఆగిపోయాయి.

ముందు మా సంఘపెద్ద పూనుకున్నాడు. ఆయన మంచివాడు, సంఘంలో ఏ ఇంట్లో చప్పుడైనా ముందు చెప్పులేసుకునే మనిషి. నారపల్లికి వెళ్ళి మా చెల్లెలితో, "మీ వదిన మనసుల ఏం పెట్టుకోలేదమ్మా," అన్నాడు. తిరిగి వచ్చి నా భార్యతో, "నీ ఆడబిడ్డ అంతా మర్చిపోయింది తల్లీ, నీ కోసం ఎదురుచూస్తున్నది," అన్నాడు. ఇద్దరూ సంతోషించారు. సంతోషించి, అవతలి మనిషి ఫోన్ చేస్తుందని కూర్చున్నారు. ఎవరూ చెయ్యలేదు.

"మనసుల ఏం లేనిదానికి నా నంబర్ నొక్కనీకి వేళ్ళు నొస్తున్నయా?" అని అక్కడ.

"ఎదురుచూసే మనిషి ఇట్లనే చూస్తదా, సడీ చప్పుడు లేకుంట?" అని ఇక్కడ.

ముందున్న కోపం మీద ఇంకో కోపం ఎక్కింది. పెద్దయ్యను చర్చి గేటు దగ్గర కలిసి అడిగాను.

"అబద్ధమేం చెప్పలే తమ్ముడూ. జర చక్కెర కలిపిన."

"మా ఇంట్ల షుగర్ ఉన్నది పెద్దయ్యా," అన్నాను. "మాకు పడదు."

ఆయన నవ్వాడు, నేనూ నవ్వాను. కానీ నా మాట నవ్వుకు అన్నది కాదు.

నేను ఉప్పల్‌లో టైల్స్ దుకాణంలో కొలతల మనిషిని. గది చూసి ఎన్ని పెట్టెలు పడతాయో, ఏ గోడ దగ్గర ఎంత ముక్క కోయాలో చెప్పడం నా పని. చదువు పదో తరగతితో ఆగింది. ఈ లెక్క నేను నేలమీద కూర్చుని నేర్చుకున్నదే. అందులో ఒకటి బాగా తెలిసింది. గది మూల సరిగ్గా లేనప్పుడు కొందరు మేస్త్రీలు ఆ మాట ఇంటివాళ్ళకు చెప్పరు. మొదటి వరుసలో ప్రతి బిళ్ళనూ వెంట్రుకంత చెక్కుతూ సర్దుకుపోతారు. అక్కడ కంటికి ఆనదు. అవతలి గోడకు చేరేసరికి వేలు దూరేంత సందు వస్తుంది, దాన్ని తెల్ల సిమెంటుతో నింపుతారు. ఒక వానాకాలం పోతే అది రాలిపోతుంది. మూల వంకరగా ఉందని మొదటి రోజే చెప్పినవాడిని ఇంటివాళ్ళు తిడతారు, కానీ ఆ నేల నిలుస్తుంది.

పెద్దయ్య చేసింది చెక్కడం. గొడవలు తీర్చి సమాధానపరిచేవాళ్ళు దేవుని పిల్లలని చిన్నప్పటి నుంచి వింటూ పెరిగినవాణ్ణి. ఇన్నేళ్ళూ నేను కూడా దానికి ఇంట్లో గొంతులు లేవకుండా చూడటం అనే అర్థం చెప్పుకున్నాను. గొంతులు లేవడం లేదు, నిజమే. నా భార్య బల్ల పోతోంది. కాబట్టి నిర్ణయించుకున్నాను: ఒకరి మాట ఇంకొకరికి నేనే మోస్తాను, ఉన్నది ఉన్నట్టు, ఒక్క పలుకు చెక్కను. ఇద్దరికీ ఆ సంగతి ముందే చెప్పి మరీ మోస్తాను.

దుకాణానికి సెలవున్న రోజు ఉప్పల్‌లో బస్సెక్కి నారపల్లి వెళ్ళాను. చెల్లెలు బట్టలు ఆరేస్తోంది.

"ఏందన్నా, పెద్దయ్య అయిపోయిండు, ఇగ నువ్వా?"

"నువ్వు ఏమంటే అది పోయి ఆమెకు చెప్త. మెత్తగ చెయ్య. చూస్కొని మాట్లాడు."

"చూస్కొనుడేంది? చెప్పు పోయి! పేరు కోసం వండిందా ఆమె? పేరు కావాలంటే ముందే చెప్పుండాలె, బ్యానర్ కట్టిస్తుంటి. మా అత్త అందరి ముందల అడిగింది, 'మీ వదిన మా ఇంట్ల తినదా' అని. నేనేం చెప్పాలె?" తడి దుప్పటి ఇంకోసారి పిండింది. "ఆమె పళ్ళెం వడ్డించి సాయంత్రం దాకా మూత పెట్టి ఉంచిన. బస్టాండు కాన్నుంచన్న తిరిగొస్తదని. ఎవ్వరికీ పెట్టనియ్యలే."

"ఈ ముచ్చట పెద్దయ్యకు చెప్పినవా?"

"చెప్పిన. గవన్నీ చిన్న విషయాలు తల్లీ, ఇడిసిపెట్టు అన్నడు."

ఇంటికి వచ్చి వంటగది గడప దగ్గర కూర్చుని మొదటి నుంచి చివరిదాకా అప్పజెప్పాను. బ్యానర్ దగ్గరికి వచ్చేసరికి నా భార్య చేతిలో చపాతీ కర్ర ఆగింది.

"గదంతా తెచ్చి నాకు చెప్తున్నవా? నువ్వు నా మొగనివా, ఆమె పోస్ట్‌మ్యాన్‌వా?"

"ఇంకా ఉంది," అన్నాను. పళ్ళెం సంగతి చెప్పాను.

ఆమె కర్ర పక్కన పెట్టింది. "మూత పెట్టిందా?" అంది. తర్వాత, "అయితే ఇది గూడ తీస్కపో. నేను పేరు కోసం వండలే. అయ్యగారికి తెల్వదు, మర్చిపోయిండ్రు, సరే. ఆమేన్ అన్నంక నీ చెల్లె నా దిక్కు చూసింది. నా కండ్లల్ల చూసి, తల తిప్పుకుంది. ఒక్క మాట, 'అయ్యగారూ, వంట మా వదినది' అనుంటే ఏం పోతుండె? నన్ను చూసి గూడ చూడనట్టే చేసింది. గదీ నా కోపం."

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె ఏం కోరుతుందో నాకు లెక్క తెలుసనుకున్నాను. ఈ మాట నేనూ మొదటిసారే వినడం. పేరు తలవనందుకని నేనూ అనుకుంటూ వచ్చాను.

దీన్ని తీసుకుని మళ్ళీ నారపల్లి వెళ్ళాను. చెల్లెలు వినగానే కుర్చీలో కూలబడింది.

"చూసిన అన్నా. చూడలేదని ఎట్ల చెప్ప? మా అత్త మొదటిసారి మన ప్రార్థనల కూసుంది. మధ్యల ఎప్పుడు లేచి పోతదో అని పొద్దట్నుంచి నా పానమంతా ఆమె మీదనే ఉండె. ఆమేన్ అనంగనే వదిన దిక్కు చూసిన, పేరు రాలేదని నాకు ఎరుకనే. అప్పుడే మా అత్త పక్కల లేచి నిలబడ్డది. పోతున్నదేమో అని అటు తిరిగిన. మళ్ళ ఇటు తిరిగేవరకు వదిన లేదు."

"గిది ఆమెకు నువ్వే చెప్పు," అన్నాను. "నా మోత అయిపోయింది."

"నువ్వే చెప్పరాదు?"

"చెప్ప."

అది నాకు తేలిక కాలేదు. ఆ ఒక్క సంగతి ఇంటికెళ్ళి చెబితే నా భార్య ఆ పూటే మెత్తబడుతుందని తెలుసు. కానీ ఆ చూపు వాళ్ళిద్దరి మధ్య జరిగింది. దాని బదులు కూడా చూపు కలిపి చెప్పాల్సిందే. నేను చెబితే చెల్లెల్ని వెనకేసుకొచ్చిన మొగుడి మాటవుతుంది. ఇంటికి వచ్చి ఇంతే అన్నాను: "చూసిన అన్నది. ఎందుకు తిరిగిందో నీకే చెప్తదట."

మొదటి ఆదివారానికి ముందు శనివారం, మధ్యాహ్నం బువ్వ తినగానే నా భార్య చెప్పులేసుకుంది. "పద," అంది.

నారపల్లిలో మమ్మల్ని గుమ్మంలో చూసి చెల్లెలు రమ్మని కూడా అనలేదు, పక్కకు జరిగింది. నా భార్య కూర్చోలేదు.

"నన్ను చూసి మొఖం ఎందుకు తిప్పుకున్నవ్?"

"నువ్వు తినకుంట ఎందుకు పోయినవ్?"

"ముందు నేను అడిగిన."

"నా ఇల్లు ఇది, ముందు నేనే అడుగుత!"

గొంతులు లేచాయి. పక్కింటి కిటికీ తెరుచుకుంది. పెళ్ళి నాటి పట్టుచీర రంగు నుంచి, ప్రసవానికి ఎవరు ఎన్నాళ్ళు తోడున్నారన్నదాకా అన్నీ బయటికి వచ్చాయి. మా చెల్లెలి భర్త టీవీ ఆపి నా చెయ్యి పట్టుకుని బయట మెట్ల మీదికి లాక్కొచ్చాడు.

"బావా, పోయి ఆపుదామా?"

"వద్దు."

"ఏం ప్రార్థన చేసేటోనివి నువ్వు? ఇంట్ల యుద్ధమైతుంటే మెట్ల మీద కూసుంటవ్!"

"కానియ్యి," అన్నాను. లోపలికి వెళ్ళి ఇద్దరి మధ్య నిలబడి, నాలుగు మంచి మాటలు చెప్పి, చేతులు కలిపించాలని ఒళ్ళంతా లాగుతోంది. మెట్టు అంచు గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. లోపల అత్తగారి సంగతి వచ్చింది. చెల్లెలి గొంతు తగ్గింది. తర్వాత ఇద్దరి గొంతులూ వినపడలేదు. అప్పుడు నాకు ఇంకా భయమేసింది.

కొంతసేపటికి నా భార్య తలుపు దగ్గరికి వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "మీరిద్దరు చాయ్ తాగుతరా? పాలు విరిగినయ్, ప్యాకెట్ తెచ్చిపెట్టుండ్రి," అంది. ఎవరి ఇంట్లో ఉందో మర్చిపోయినట్టు.

తిరుగు బస్సులో కిటికీ వైపు చూస్తూ, "ఇంక అయిపోలే," అంది. "పట్టుచీర ముచ్చట సగంల ఉన్నది. మళ్ళ పోవాలె."

"పోదాం."

"కానీ గా పెద్ద కోపం లేదు. ఎతికిన. లేదు."

బల్ల ఉన్న ఆదివారం మా సంఘంలో బల్ల తీసుకునే ఆడవాళ్ళు తెల్ల చీర కడతారు. ఇంటికి రాగానే ఆమె బీరువా అడుగు నుంచి తనది తీసింది. నెలలుగా ఒకే మడతలో ఉండి గీతలు పడిపోయింది. "పో, ఇస్త్రీ చేపించుకరా. రేపటికి కావాలె," అని నా చేతిలో పెట్టింది. నేను గల్లీ చివర బండి దగ్గరికి వెళ్తుంటే వెనక ఆమె ఫోన్ మోగింది. "ఏమే, అప్పుడేనా? పట్టుచీర పసుపు రంగు కాదే, ఆకుపచ్చ అని నేనే చెప్పలేదా..." అని మొదలుపెట్టింది. ఇస్త్రీ అతను బొగ్గులు ఊదుతున్నాడు. జాగ్రత్తగా చెయ్యమని చెప్పి, అయ్యేదాకా అక్కడే నిలబడ్డాను.