దుమ్ము సల్లారినంక

మాది తాండూరు దగ్గర కరణ్‌కోట. నాన్న నాపరాయి క్వారీలో పనిచేసేవాడు. ఆ క్వారీల దారిలోనే నాకు బైకు నేర్పించాడు. "లారీ ముందల పోతే పక్కకు ఆగాలె బిడ్డా. దుమ్ము సల్లారినంకనే కదలాలె" అని రోజూ చెప్పేవాడు.

ఇప్పుడు నేను మోటోక్రాస్ రేసర్‌ని. మట్టి గుట్టల మీదుగా బైకు ఎగరేయడమే నా ఉద్యోగం. నా మొదటి పోటీ వికారాబాద్ శివారులో జరిగింది. జెండా ఊపగానే ముగ్గురి వెనకాలే దూసుకెళ్లాను. మొదటి మలుపులో వాళ్ల చక్రాల కింద నుంచి ఎర్రదుమ్ము లేచింది. ముందు ఏమీ కనపడలేదు. అంతే, బండి పక్కకు తీసి, బుద్ధిగా కాలు కింద పెట్టి ఆగిపోయాను!

మిగిలిన వాళ్లంతా నన్ను దాటి వెళ్లిపోయారు. జనం గొల్లున నవ్వారు. ట్రాక్ చుట్టూ కట్టిన తాడు అవతల నుంచి నాన్న అరిచాడు: "అవి లారీలు గావు బిడ్డా! ఉరికియ్!"

అందరికంటే చివర వచ్చాను. హెల్మెట్ తీయడానికి కూడా సిగ్గేసి, లోపలే ఏడుస్తూ నాన్న దగ్గరికి వెళ్లాను. ఆయన పక్కవాళ్లతో గర్వంగా అంటున్నాడు: "గంత రేసుల గూడ నా బిడ్డ నా మాట మరువలే, జూసిన్రా!"

ఆ తర్వాత చాలా పోటీలు గెలిచాను. ఆ ఒక్క మెప్పు ముందు ఏ కప్పూ నా కంటికి ఆనలేదు. కరణ్‌కోట దారిలో లారీ ముందుంటే ఇప్పటికీ పక్కకు ఆగుతాను. వెనక కూర్చున్న నాన్నకే ఇప్పుడు ఓపిక లేదు.

"ఇంకేం జూస్తున్నవ్? పోనియ్ బిడ్డా!"