మా అమ్మ పళ్ళెంలో తాలు కాయలు

మొన్న ఆదివారం మా చర్చిలో కొత్తగా వచ్చిన కుర్ర పాస్టరుగారు సృష్టి గురించి ప్రసంగం చేశారు. చర్చి అన్నాను గాని మా తరం వాళ్ళం ఇప్పటికీ గుడి అనే అంటాం. గుంటూరు పక్కన నల్లపాడులో నేనుండే వీధి చివరే గుడి కనుక, మోకాళ్ళు ఎంత మొరాయించినా ఆదివారం ఆరాధన మానను. దేవుడు పరిపూర్ణుడు, ఆయన చేతిలోంచి లోపమున్నది ఏదీ రాదు, వచ్చిందని మనకు అనిపిస్తే అది మన చూపులోని లోపమే అని ఆయన మైకులో ఢంకా బజాయించి చెప్పేసరికి గుడంతా ఒక్కసారిగా ఆమెన్ అంది. నా నోరు మాత్రం పెగల్లేదు. పక్కన కూర్చున్న మా కోడలు, ముసలావిడ కునుకు తీస్తోందనుకుని మోచేత్తో నెమ్మదిగా పొడిచింది. నేను కునుకు తియ్యడం లేదు. ఆ మాట చెవిన పడగానే అంత చల్లటి ఏసీ గదిలోనూ నా ముక్కుకు ఎండుమిరపకాయల ఘాటు తగిలింది, మా అమ్మ గుర్తొచ్చింది.

మా అమ్మ మిరప కల్లాల్లో కూలికి వెళ్ళేది. మాఘమాసం వచ్చిందంటే మా ఊరి చుట్టూ నేలంతా ఎర్రటి తివాచీ పరిచినట్టుండేదని ఇప్పటి వాళ్ళు ఫొటోలు చూసి మురిసిపోతారు గాని, ఆ తివాచీ మీద కూర్చుని పొద్దుగూకేదాకా కాయలు ఏరినవాళ్ళకు అందులో అందమేమీ కనిపించదు. మీలో మా వైపు పుట్టి పెరిగినవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు, మిగతావాళ్ళ కోసం చెబుతున్నాను. మిరపకాయలు ఎండాక ఎర్రగా నిగనిగలాడేవన్నీ ఒకవైపు వేసి, రంగు విరిగి తెల్లమచ్చలు పడ్డవీ, పాలిపోయి తేలిపోయినవీ వేరే కుప్ప పోస్తారు. ఆ రెండో కుప్పను తాలు అంటారు. ఎర్రకాయకున్న విలువ దానికి ఉండదు. మా అమ్మ తాలు ఏరుతూ పక్కవాళ్ళతో కబుర్లాడేది, పాట పాడేది, ఎవరితోనన్నా తగువు పడితే తలెత్తి వాళ్ళ కళ్ళలోకి చూస్తూ పోట్లాడేది, కాయల వైపు చూసేదే కాదు. చేతికి తేలిగ్గా తగిలితే తాలు, అంతే. ఆవిడ కుప్పలో తాలు కలిసిందని కల్లం యజమాని ఏనాడూ అనలేదు. ఇంటికొచ్చాక మంట తగ్గడానికి అరచేతులకు మజ్జిగ రాసుకుని గడప మీద కూర్చునేది, ఆ చేతులతో మమ్మల్ని ముట్టుకోవడానికి భయపడేది.

నా తర్వాత మా చెల్లి. అది పుట్టినప్పటి నుంచీ దాని పెదవులు నీలంగా ఉండేవి. నేరేడుపళ్ళు తిన్నావా అని వీధిలో అందరూ ఏడిపించేవాళ్ళు, అది కూడా అవునన్నట్టు నాలుక చాపి చూపించి నవ్వేది. నాలుగడుగులు పరుగెత్తితే చాలు, ఉన్నచోటనే గొంతుక్కూర్చుని ఊపిరి కూడగట్టుకునేది. మేం తొక్కుడుబిళ్ళ ఆడుకుంటుంటే గడుల పక్కన అలా కూర్చునే మా తప్పులు పట్టేది. దానికి ఆట రాకపోయినా ఆట న్యాయం మాత్రం బాగా తెలుసు. గుంటూరు పెద్దాసుపత్రిలో చూపిస్తే, పుట్టుకతోనే గుండె గోడ సరిగ్గా కట్టుకోలేదు, రంధ్రం మిగిలిపోయింది, ఆపరేషన్ మద్రాసులో చేస్తారు గాని ఈ పిల్ల అంతదాకా తట్టుకోదు అన్నారు డాక్టరుగారు. అమ్మకు ఆ మాటల్లో కట్టుకోలేదు అన్నది ఒక్కటే పట్టుకుంది. ఎవరు కట్టాల్సింది అని దారి పొడుగునా నాన్నను అడుగుతూనే వచ్చింది.

నాన్న పత్తి మిల్లులో పని చేసేవాడు. పొద్దున లేచి గుడి ఊడ్చి గంట కొట్టి, ఆ తర్వాత మిల్లుకు వెళ్ళి, సాయంత్రానికి తలనిండా పత్తి దూదితో తిరిగొచ్చేవాడు. ఆదివారాలు పిల్లల్ని కూర్చోబెట్టి బైబిలు కథలు చెప్పడం కూడా ఆయన పనే. ఆయనకొక అలవాటుండేది. కథ మొదలుపెట్టేముందు మనల్ని ఎవరు చేశారు అని అడిగేవాడు, మేం దేవుడు అనేవాళ్ళం. ఎట్లా చేశాడు అంటే, మంచిగా చేశాడు అని అరవాలి. మా చెల్లి అందరికంటే గట్టిగా అరిచేది, అరిచాక మళ్ళీ ఊపిరందక కాసేపు ముందుకు వంగి కూర్చునేది. ఆ అరుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. మా నాన్న అంత సాత్వికుణ్ణి నేను మళ్ళీ చూడలేదు. లోకంలో వంకర ఏది కనిపించినా అది మనుషుల వల్లే వచ్చి ఉంటుందని, దేవుడికి అందులో పాలు లేదని మనసారా నమ్మేవాడు. ఎవరివల్ల వచ్చిందో చెప్పు మరి, నావల్లా, నీవల్లా, ఊపిరాడని ఆ పసిదానివల్లా అని అమ్మ నిలదీస్తే ఆయన, అప్పటి మా పాస్టరైన గురువుగారిని అడుగుదామనేవాడు. అడిగితే, ఆదాము చేసిన పాపంలోనే అందరం పడిపోయాం తల్లీ అన్నారాయన. అమ్మ సరేనండి అని వచ్చేసింది గాని, ఆ సరే ఎంత చేదుగా ఉందో నాకు తెలుసు.

చెల్లి మిరపకోతల కాలంలోనే పోయింది. కల్లంలో అమ్మ పక్కన, గోనెపట్టా నీడన కూర్చుని కాయ ముచ్చికలతో బొమ్మలు పేర్చుకుంటూ అమ్మ ఒడిలోకి ఒరిగిపోయింది. నిద్రపోయిందనుకుని అమ్మ కాసేపు కదలకుండా కూర్చుంది, మండే చేతులు దానికి తగలకుండా ఎత్తి పట్టుకుని. నేను బడి నుంచి వచ్చేసరికి కూడా ఆవిడ చేతులు అలాగే ఉన్నాయి.

ఆ ఏడు మా గుడిలో కోతల పండుగ చెల్లి పోయిన కొద్దిరోజులకే వచ్చింది. ఆ పండుగ గురించి మీకు చెప్పాలి. పొలం ఉన్నవాళ్ళు పొలంలో పండినదీ, లేనివాళ్ళు తాము కష్టపడ్డచోట పండినదీ పళ్ళెంలో పెట్టి దేవుడి బల్ల ముందుకు తెస్తారు. పత్తి, కందులు, గుమ్మడికాయలు, కోళ్ళు, మా కూలీల ఇళ్ళ నుంచి మిరపకాయలు. దేవుడికి పెట్టేదాంట్లో వంక ఉండకూడదని ఒక్కొక్క కాయా ఏరి మరీ తెస్తారు. ఆరాధన అయ్యాక వాటినన్నిటినీ నవ్వుల మధ్య వేలం వేస్తారు. పళ్ళేల మీద శుభ్రమైన గుడ్డ కప్పి పక్కగది గుమ్మం దగ్గర మా నాన్నకు అందిస్తే, ఆయన లోపల గుడ్డలు తీసి బల్ల మీద వరసగా సర్దేవాడు. ఏటా అందరికంటే ఎర్రటి పళ్ళెం మా అమ్మదే. ఆ ఏడు ఆవిడ రాదేమో అని మావాళ్ళంతా అనుకున్నారు. వచ్చింది. చీరాల తెల్లచీర కట్టుకుని, పళ్ళెం మీద గుడ్డ కప్పుకుని, నన్ను వెంటబెట్టుకుని వచ్చి, పళ్ళెం నాన్న చేతికిచ్చి లోపలికెళ్ళి ముందు వరసలో చాప మీద కూర్చుంది. మామూలుగా ఆవిడ వెనక వరసలో కూర్చునేది.

కాసేపటికి నాన్న ఒక్కొక్క పళ్ళెమే తెచ్చి బల్ల మీద పెట్టసాగాడు. అమ్మ మెడ నిక్కించి చూస్తోంది. మా పళ్ళెం వచ్చింది. ఎర్రగా, నిండుగా, బల్ల మధ్యలో. అమ్మ ముఖంలో రంగు పోయింది. నాకేమీ అర్థం కాలేదు, బాగానే ఉంది కదా అనుకున్నాను. పైగా గురువుగారు ప్రసంగం మధ్యలో ఆ పళ్ళేన్నే పైకెత్తి చూపించారు. కడుపుకోత పడ్డ తల్లి కూడా దేవుడి మీద అలగకుండా ఎంత మచ్చలేని కానుక తెచ్చిందో చూడండి అని మెచ్చుకున్నారు. ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు. అమ్మ కొంగు ముఖం మీదికి లాక్కుంది. ఏడుస్తోందనుకున్నారు అందరూ.

ఇంటికి రాగానే ఆవిడ ఇంకా కూర్చోకుండానే అడిగింది.

"నా కాయలేం చేశావయ్యా?"

నాన్న తన భుజం మీది తువ్వాలు మూట విప్పి చూపించాడు. అందులో మొత్తం తాలు. తెల్లబారినవి, మచ్చలు పడ్డవి, పసిపిల్ల వేళ్ళలా వంకర తిరిగినవి. "దిగులులో ఉండి ఏ కుప్పలోంచి పోసుకున్నావో చూసుకోలేదే. పదిమందిలో నీ పరువు పోయిద్దని ఒక్కో పళ్ళెంలోంచి కాసిని తీసి నీదాంట్లో వేశాను" అన్నాడు. పాపం, భార్యకు మేలు చేశాననే అనుకున్నాడు.

"నేను చూసుకోలేదా? కళ్ళకు గంతలు కట్టినా నా చెయ్యి పొరపాటు పడిద్దా? ఇన్నేళ్ళు కాపరం చేశావ్, ఆ మాత్రం తెలియదా నీకు?" అంది అమ్మ. మళ్ళీ గొంతు తగ్గించి అంది, "ఆయన్ని అడుగుదామని తీసుకెళ్ళానయ్యా. నా చెయ్యే పొరపాటు పడదే, మరి ఆయన చెయ్యి పడిద్దా? పడకపోతే, నా బిడ్డని తెలిసే అట్టా చేశాడా? నువ్విచ్చింది నీకే తెచ్చా, ఏం జెప్తావో జెప్పు అని అడుగుదామనుకున్నా. నువ్వు అడ్డం పడ్డావ్."

నాన్న ఆ తువ్వాలు మళ్ళీ మూట కట్టాడు. నాకు ఇద్దరి మీదా జాలేసింది. ఇప్పటికీ అంతే, ఎవరిది తప్పని తేల్చలేను.

అమ్మ ఆ తర్వాత కూడా గుడికి వెళ్ళింది, వెళ్ళలేదని ఎవరూ వేలెత్తి చూపకుండా. కాని పాటల పుస్తకం ఒడిలో మూసే ఉండేది, కోతల పండుగకు మా ఇంటి నుంచి పళ్ళెం వెళ్ళలేదు. మళ్ళీ అడిగేందుకు ఆవిడకు మనసు రాలేదు. నాన్న పిల్లల్ని, మనల్ని ఎవరు చేశారు అని అడిగేవాడు గాని, ఎట్లా చేశాడు అన్న రెండో ప్రశ్న మానేశాడు. నేను చదువుకుని టీచరునై మా ఊళ్ళోనే పిల్లలకు పాఠాలు చెబుతున్న రోజుల్లో అమ్మ పోయింది.

ఆవిడ పోయిన మరుసటేడు కోతల పండుగకు నాన్న ఎవరికీ చెప్పకుండా కల్లానికి వెళ్ళి, అలవాటులేని చేతులతో తాలు ఏరుకొచ్చాడు. వేళ్ళు పొక్కాయి. గుడ్డ కూడా కప్పకుండా పళ్ళెం రెండు చేతుల్లో పట్టుకుని, తనే నడిచెళ్ళి బల్ల మధ్యలో పెట్టి, దాని ఎదురుగా చాలాసేపు నిలబడ్డాడు. అమ్మ అడగాలనుకున్నది తను మోసుకెళ్ళాడని నాకొక్కదానికే తెలుసు. ఆరాధన అయ్యాక వేలం పాడే ఆయన ఆ పళ్ళెం పైకెత్తి, పెద్దాయనకు చూపు ఆనడం లేదు, తాలు పట్టుకొచ్చాడు అన్నాడు. జనం నవ్వారు. చెడ్డ నవ్వు కాదు, ఇష్టంగానే నవ్వారు. ఎవరో దయగలవాళ్ళు ఆ కాయలు పారబోసి, పళ్ళెం కడిగి మరీ ఆయన చేతికి తెచ్చిచ్చారు. నాన్న ఆ పళ్ళెం వైపు చూసి, "మీ అమ్మని కూడా నేనిట్టాగే, అడగనీకుండా పంపించేశానమ్మా" అన్నాడు నాతో.

ఇప్పుడు తాలు ఏరడానికి మనుషులు కూడా అంతగా అక్కర్లేదు. గుంటూరులో యంత్రాలొచ్చాయి, కాయలు జల్లుగా పడుతుంటే కెమెరా చూసి గాలితో తాలును ఎగరగొట్టేస్తుంది, చెయ్యి మండేవాళ్ళు లేరు. అదొకందుకు మంచిదే. చెల్లికున్నలాంటి రంధ్రాలు కూడా ఇప్పుడు పసితనంలోనే పూడుస్తున్నారని విన్నాను, అప్పుడు సంతోషించి వెంటనే ఏడ్చాను. మా గుడిలో కోతల పండుగ ఇంకా ఉంది. పళ్ళేలు మాత్రం లేవు. కానుకలు కవర్లలో వేస్తున్నారు, కుర్రవాళ్ళు గోడ మీద అంటించిన బొమ్మకు ఫోను చూపించి పంపేస్తున్నారు. ఆ పెద్ద బల్ల మీద ఇప్పుడు ప్లాస్టిక్ పూలు, కీబోర్డు.

ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర పాస్టరుగారు నా చెయ్యి పట్టుకుని, అమ్మగారూ, ఇవాళ వాక్యం ఎలా ఉందండి అని అడిగారు. మనవడి వయసువాడు, ముఖం మీద ఇంకా దేని నీడా పడలేదు. బాగుంది నాయనా అన్నాను. అమ్మ మాట మళ్ళీ నా నోటి దాకా వచ్చి ఆగిపోయింది, ఈసారి అడ్డం పడింది నేనే. మా కోడలు చెయ్యి పట్టుకుని మెట్లు దింపింది. అమ్మ దేవుడి ముందు పెట్టాలనుకున్న ఆ పళ్ళెం ఇప్పటికీ మా వంటింట్లో ఉంది, రోజూ అందులోనే బియ్యం ఏరుతున్నాను.