అరుగు మీద ఆ చోటు

మొన్న మంగళవారం పొద్దున మా అత్తమ్మ పోయింది. మొదట పంచాయతీ సమితి మెంబరు, తర్వాత మా ఊరి సర్పంచ్. కబురు తెలిసి గోదావరి అవతలి ఒడ్డు నుంచి కూడా జనం వచ్చారు. అందరూ ఆమె తెచ్చిన బడి గురించి, తవ్వించిన బావుల గురించి చెప్పుకున్నారు. నేను చెప్పాల్సింది వేరే ఉంది.

ఆడ మెంబరు ఒకరుండాలన్న రూలు కోసం ఆమెను సమితిలోకి తీసుకున్నారు. మీటింగులకు పిలిచేవారు కాదు. అన్నీ అయిపోయాక చప్రాసీ తీర్మానాల పుస్తకం ఇంటికి తెచ్చేవాడు. ఆమెకు సంతకం తప్ప చదువు రాదు. కోడలినైన నేను చదివి చెప్పాలి, ఆమె సంతకం పెట్టాలి. ఇదీ మా ఇంటి రాజకీయం. సంతకం మాత్రం కొంగు సర్దుకుని, ముగ్గు వేసినంత శ్రద్ధగా పెట్టేది.

ఒకరోజు పుస్తకం వచ్చేసరికి నేను పొయ్యి దగ్గర ఉన్నాను. "ఏం రాసిండ్రు, బిడ్డా?" అని అడిగింది. జొన్నరొట్టె మాడిపోతుందన్న ధ్యాసలో పైపైన చూసి, "ఎప్పటివేనత్తమ్మా" అన్నాను. మా రేవు పడవను ఎగువ ఊరికి మార్చే తీర్మానం అందులోనే ఉంది.

ఆ వానాకాలం అవతలి ఒడ్డున ఒక అమ్మాయికి నొప్పులు వచ్చాయి. దవాఖాన ఇవతల. పడవ లేదు. తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కలేదు. నీళ్ళు తగ్గాక ఆ అమ్మాయి పెనిమిటి వచ్చి మా అరుగు మీద, స్తంభం పక్కన కూర్చున్నాడు. "గా కాయితం మీద నీ సంతకం ఉన్నదట గదా, అవ్వా" అన్నాడు. తిట్టలేదు. మంచినీళ్ళిస్తే ముట్టలేదు. పొద్దుగూకేదాకా అలాగే కూర్చుని వెళ్ళిపోయాడు.

"సంతకం నాదే, కొడుకా" అంది అత్తమ్మ. చదివింది నేనని అతనికి చెప్పలేదు, మా ఆయనకూ చెప్పలేదు. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే నాకు బాగుండేది.

ఆ నెల నుంచి పిలవకపోయినా బస్సెక్కి ప్రతి మీటింగుకూ వెళ్ళింది. గుమాస్తా తీర్మానం చదవగానే "ఇంకోపారి చదువు, నాయినా" అనేది. మెంబర్లు నవ్వారు, విసుక్కున్నారు, చివరికి అలవాటు పడ్డారు. మరుసటి ఏడు పడవ మా రేవుకు తిరిగి వచ్చింది. ఆమె సర్పంచ్ అయ్యాక మా అరుగు ఎప్పుడూ జనంతో నిండి ఉండేది, స్తంభం పక్కన ఆ చోటు తప్ప. ఎవరైనా అక్కడ కూర్చోబోతే, "ఆడ కూసోకుండ్రి. ఆయన ఇంకా లేవలే" అనేది. కొత్తవాళ్ళు అక్కడ ఎవరూ కనబడక బిత్తరపోయేవారు. నేను మాత్రం ఆ వైపు చూడకుండా లోపలికి వెళ్ళిపోయేదాన్ని.

మంగళవారం ఆ అమ్మాయి పెనిమిటి కూడా వచ్చాడు. జుట్టు నెరిసింది. నేరుగా వెళ్ళి అదే చోట కూర్చున్నాడు. నీళ్ళ చెంబు చేతికిచ్చి, ఇన్నేళ్ళకు నోరు విప్పాను.

"గా కాయితం చదివింది నేనన్నా. సక్కగ చూడలే. అండ్ల ఏమున్నదో అత్తమ్మకు తెల్వదు."

అతను చెంబులోకి చూస్తూ అన్నాడు.

"ఎవలు చదివితేంది, చెల్లె. గా దినం పడవైతే లేదు గదా."

సగం నీళ్ళు తాగి, చెంబు కింద పెట్టి, లేచి రేవు వైపు నడిచాడు.

అతను లేవడం నా కళ్ళతో చూశాను. అయినా మర్నాడు పరామర్శకు వచ్చిన ఒకాయన స్తంభం పక్కన కూర్చోబోతుంటే నా చెయ్యి అడ్డం వెళ్ళింది.

"ఆడ వద్దు" అన్నాను. "ఆయన ఇంకా లేవలే."