తువ్వాలు కింద మూడో వేలు

విరుదునగర్‌లో మా నాయన పత్తి వ్యాపారి. కోవిల్‌పట్టిలో పత్తి గింజ తీసే కంపెనీకి మా ఆయన పెద్ద. దానికి వాటాలు పెట్టింది విళాత్తికుళం వైపు మా బంధువులే. నాయన పత్తి అల్లుడి కంపెనీకి వెళ్లడం మాకందరికీ గొప్పగా ఉండేది.

ఆ బేరం రోజు నేను మజ్జిగ చెంబుతో పుట్టింటి గుమ్మంలో నిలబడి ఉన్నాను. మా వైపు పత్తి ధర నోటితో చెప్పరు. చేతుల మీద తువ్వాలు కప్పి, అమ్మేవాడు కొనేవాడి వేళ్లు పట్టుకుంటాడు. అందరికీ తెలిసిన ధర మీద, వేలికొక రూపాయి ఎక్కువని లెక్క. కొనేవాడు అన్నే వేళ్లు తిరిగి పట్టుకుంటే కుదిరినట్టు. మామగారి చేయి పట్టి సరిచూడడమంటే ఆయన్ని నమ్మనట్టే అనుకున్నాడు మా ఆయన. తల వంచి చేయి వెనక్కి తీసుకున్నాడు. ఆ మర్యాద చూసి నేనూ మురిసిపోయాను.

పత్తి వచ్చింది, డబ్బు వెళ్లింది. అప్పుడు తేలింది తేడా.

"ఇంగొక ఏలు పట్టినా కదా అల్లుడా. నీ సెయ్యికి తెలీలేదా?"

"రెండే తగిలె మామా. మూడు తగిలుంటే ఇయ్యనా?"

నాయన నా వైపు తిరిగాడు. "నువ్వు ఆడనే ఉండావు కదమ్మా, సెప్పు."

నేను చూసింది తువ్వాలునే. ఆ మాటే చెప్పాను. ఇద్దరికీ కోపం వచ్చింది. పుట్టింట్లో మొగుడి మనిషినయ్యాను, అత్తింట్లో తండ్రి మనిషిని. అడకత్తెరలో పోకచెక్క అని జాలిపడేవాళ్లు కూడా నన్ను ఒక పూట భోజనానికి పిలవలేదు.

దావా వేస్తే ఏళ్లు పడతాయని, బాకీ తీర్చలేని కంపెనీని మూసేయమని కోర్టులో అర్జీ పెడితే అల్లుడే దిగివస్తాడని ఎవరో వకీలు నాయనకు నూరిపోశాడు. నాయన పెట్టాడు. అలాంటి అర్జీ సంగతి పేపర్లో వేయించాలట. వేయించారు. బొగ్గు ఇచ్చినవాళ్లు, కయత్తారు బండివాళ్లు, బ్యాంకువాళ్లు, అందరూ ఒకేసారి బాకీల కోసం మా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

జడ్జిగారు అర్జీ కొట్టేశారు. బాకీ తగాదాలో ఉంది, దావా వేసి తేల్చుకోండి, కంపెనీని మూయించే దారి ఇది కాదు అన్నారు. మా ఆయన గెలిచాడు. గెలిచి వచ్చేసరికి అప్పిచ్చేవాడూ లేడు, పత్తి తెచ్చేవాడూ లేడు. చివరికి వాటాదారులే కూర్చుని కంపెనీ మూసేద్దామని తీర్మానించారు. యంత్రాలను ఎవరో పై ఊరివాడు చవగ్గా కొట్టేశాడు. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చింది.

కోర్టు వరండాలో మామా అల్లుళ్లు అరవంలో మాట్లాడుకున్నారని విన్నాను. మాకు తెలుగు ఇంట్లోవాళ్లతో, అరవం బయటివాళ్లతో. కంపెనీ పోతే పోయింది, పుట్టిల్లు మిగిలితే చాలని మొక్కుకున్నాను.

మా ఆయన వేరే మిల్లులో గుమాస్తాగా చేరాడు. వచ్చేవాడు, తినేవాడు, పడుకునేవాడు. పగలంతా మాట్లాడే మనిషి లేక పొయ్యితో మాట్లాడేదాన్ని. అది నయం, ఎవరి పక్షమని అడగదు.

ఒకనాడు కోవిల్‌పట్టి స్టేషన్లో నాయన కనిపించాడు. చిక్కిపోయాడు. భుజం మీద అదే తువ్వాలు. దగ్గరికి పరుగెత్తి "నాయనా" అన్నాను.

ఆయన నన్ను చూశాడు. పక్కనున్న ఇద్దరు వ్యాపారులను చూశాడు. తువ్వాలు సర్దుకున్నాడు.

"నల్లా ఇరుక్కియామ్మా?" అన్నాడు. బాగున్నావా అమ్మా అని, అరవంలో.

నా నోటికీ అరవమే వచ్చింది. బాగున్నానని చెప్పాను. రైలు వచ్చింది, ఆయన ఎక్కాడు.