పెత్రమాస లెక్క కట్టిన సౌజన్య

“ఆ మెసేజ్ తీసేస్త అవ్వా. అది చూస్తే నా పానం పోతున్నది.”

“తీయకు. నువ్వు పెట్టినవా తీయనీకి?”

“పిల్లనే లేదు, ఆ మెసేజ్ ఎందుకే?”

“పిల్ల లేదు కాబట్టే ఉండాలె.”

పెత్రమాస ముందునాటి సాయంత్రం నా కొడుకు నర్సయ్యకూ నాకూ జరిగిన పేచీ ఇది. నా ఫోన్‌కు వచ్చిన మెసేజ్: “రేపు పెత్రమాస. నానమ్మ పుట్టినరోజు.” దాన్ని పెట్టిన నా మనుమరాలు సౌజన్య ఈ వానకాలం మొదట్లో జ్వరంతో కరీంనగర్ దవాఖానలో అకాలమరణం పొందింది. ఆ వార్త హుజూరాబాద్‌కు వచ్చినప్పుడు నేను బియ్యం చెరుగుతున్నాను. చేతిలోని చాట కింద పెట్టాలని కూడా తోచలేదు.

సౌజన్యది కంప్యూటర్ కొలువు. నాది మూడో తరగతి చదువు. నా పుట్టిన తారీఖు ఎవరికీ తెలియదు. పెద్దల పేరున బియ్యమిచ్చే భాద్రపద అమావాస్య, అంటే పెత్రమాస నాడు పుట్టానని మా అవ్వ చెప్పేది. అది ఏటా ఏ తారీఖున పడుతుందో కంప్యూటరే లెక్కగట్టి, ముందునాడు దానంతట అదే నా ఫోన్‌కు మెసేజ్ పంపేలా చేస్తానని సౌజన్య పట్టుబట్టింది.

మొదట ఏడాదికి పదకొండు రోజుల చొప్పున వెనక్కి జరిపింది. అధికమాసం వచ్చిన ఏడాది మెసేజ్ నెల ముందే వచ్చింది. “గునుగు ఇంకా పూయనే లేదు, నీ పెత్రమాస ఎట్లొచ్చిందే?” అని కోప్పడ్డాను.

“తప్పు కంప్యూటర్‌ది కాదు నానమ్మా, నేనడిగిన తీరుది” అంది. ఏ పని చెడినా అదే మాట. తప్పును ఇంకొకరి మీదికి నెట్టే గుణం ఆమెకు లేదు. పంచాంగాలలోని అమావాస్యలన్నీ కంప్యూటర్‌లో నింపి, అధికమాసాన్ని విడిచి భాద్రపదానిదే ఏరి ఇచ్చేలా ప్రశ్న తిరగరాసింది. దాన్ని క్వెరీ అంటారట.

“ఎప్పటిదాకా పెట్టినవే?” అన్నాను.

“నీకు నూరేండ్లు నిండేదాకా.”

“నడుమల నేను పోతే?”

“దినం అదే కదా. మెసేజ్ రాంగనే నీ పేరు మీద బియ్యమిస్త. అప్పుడన్న పిసినారితనం చెయ్యకు, మంచిగ పోయించుకో.”

పెద్దల దినాన నాకు కేక్ దండుగ అన్నందుకు ఏటా నువ్వుల ముద్దలు చేసి నా కొంగున కట్టేది. నా నోటికి ఎదురు చెప్పి నన్నే నవ్వించిన సుగుణవతి ఆమె ఒక్కతే. వరుస తప్పి పోయింది. ఆ లోటు పూడేది కాదు.

మరునాడు పొద్దున అయ్యగారు వచ్చి, ఎవరెవరి పేరున అని అడిగాడు. మా ఆయన పేరు చెప్పాను. సౌజన్య పేరు చెప్పాను. చాట నిండా బియ్యం పోశాను. నర్సయ్య నా ఫోన్ తీసుకుపోయి ఛార్జింగ్ పెట్టాడు.