పేర్లతో ఒకటి, పేర్లు లేకుండా ఒకటి

ఏడేళ్లుగా మోస్తున్నాను. ఇక నా వల్ల కాదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు అక్కర్లేదు. వినండి చాలు.

జనగామలో బోరు మోటార్లకు స్టార్టర్ బోర్డులు తయారుచేసే చిన్న దుకాణంలో పనిచేసేవాణ్ణి. బోర్డు మీది చిప్‌లో జాగా బొత్తిగా తక్కువ. అందుకే ఫోర్త్ అనే పొట్టి భాష వాడదామనుకున్నాం. అందులో చిన్న ఆదేశాలకు మనమే పేర్లు పెట్టి, వాటిని కలిపి పెద్దవి కట్టుకుంటాం. మా చిప్ కోసం ఆ ఫోర్త్‌ను నేనొకలా రాశాను, నాతో పనిచేసే మంజుల ఒకలా రాసింది. ఆమెది మహబూబాబాద్ దగ్గర లంబాడా తండా. ఆదేశాలన్నిటికీ వాళ్లింటి లంబాడీ మాటల్లోనే పేర్లు పెట్టింది.

ఏది వేగంగా నడుస్తుంది, ఏది తక్కువ జాగా తీసుకుంటుంది? కొలిచి చెప్పమని దుకాణం సేటు నాకే అప్పగించాడు. పోటీలో ఉన్నవాడి చేతికి తక్కెడ ఇస్తారా ఎవరైనా? చూడండి, ఇప్పటికీ తప్పు ఆయన మీదికే తోస్తున్నాను. ఛీ.

వేగంలో నాది కాస్త ముందుంది. అది నిజమే. కానీ ఆమెది చిన్నది, మాకు కావలసింది చిన్నదే. ఆదేశాల పేర్లు కూడా చిప్‌లో జాగా తింటాయి. నా దాంట్లో పేర్లన్నీ తీసేసి కొలిచాను. ఆమె దాంట్లో ఉంచి కొలిచాను. పట్టికలో ఆ సంగతి రాయలేదు. అలా నాదే చిన్నదిగా కనబడింది, సేటు నాదే తీసుకున్నాడు.

మంజుల ఆ కాగితం పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"అన్నా, నేను పెట్టిన పేర్లు పొడుగున్నయనే గిట్లయిందా?"

"అవ్ చెల్లె. నీ పేర్లే జాగ తింటున్నయ్. గా భాష గిక్కడెందుకు?"

ఆ చివరి మాట ఎందుకన్నాను? ఎవరడిగారు నన్ను? మన తెలంగాణ యాసను సినిమాల్లో వెక్కిరిస్తే పళ్లు కొరికినవాణ్ణి, అదే నోటితో ఆమెను అంత మాట ఎలా అనగలిగాను?

ఆమె తల ఊపి వెళ్లింది. రెండు రోజులు కూర్చుని పేర్లన్నీ ఒక్కో అక్షరానికి కుదించింది. ఆ తర్వాత ఏ అక్షరం మోటారు ఆపుతుందో, ఏది నడుపుతుందో ఆమెకే అంతుపట్టలేదు. మళ్లీ కొలవమని అడగనేలేదు. నెల తిరక్కుండా మానేసింది. ఇప్పుడు భూపాలపల్లిలో ఏదో బట్టల కొట్లో ఉందట.

నా పట్టిక మాత్రం చావదు. ఇలాంటి బోర్డులు చేసేవాళ్లు ఇప్పటికీ ఎవరో ఒకరు అడుగుతారు, చదివి మెచ్చుకుంటారు. తల గోడకేసి కొట్టుకోవాలనిపిస్తుంది. ఎలా కొలిచావని ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడైనా అడగడేం? అడిగితే చెప్పేవాణ్ణా? ఏమో. చెప్పేవాణ్ణి కాదేమో.

ఆమె నంబరు నా దగ్గరుంది. ఫోన్ చేయలేదు. తన ఇంటి మాటల వల్లే ఓడిపోయానని ఆమె ఇప్పటికీ అనుకుంటూ ఉంటుంది. వాటిలో ఏ లోపమూ లేదు. అబద్ధం చెప్పింది నేను. మీతో అన్నాను కాబట్టి కాస్త ఊపిరి ఆడుతోంది. ఆమెకు ఇంకా ఎవరూ చెప్పలేదు.