ఇనుముకు అలుపు

హైదరాబాదులో విమానం కూలిన వార్తను మా వీధివాళ్లకు గ్రంథాలయంలో చదివి వినిపించింది నేనే. నేల విడుస్తుండగానే ఒక ఇంజను ఆగిపోయిందట. విమానం గట్టుకు కొట్టుకుని, మంటల్లో చాలామంది పోయారు. ఆ ఇంజనును చివరగా చూసిన మెకానిక్ మా బావేనని నాకు అప్పటికి తెలియదు.

విచారణ తేలేదాకా ఆయనను పనిలోంచి ఆపారు. అక్కను తీసుకుని పెద్దపల్లిలో రైలు దిగి మా ఇంటికి వచ్చాడు. చిన్నప్పుడు నేర్చిన మగ్గం మీద మళ్లీ కూర్చున్నాడు.

మా నేతగాళ్లలో పడుగుకు గంజి పెట్టడం ఒక్క ఇంటివల్ల అయ్యే పని కాదు. నిలువు పోగులను వీధి పొడవునా చాచి, తడి ఆరేలోగా అందరూ కలిసి విడదీయాలి. లేకపోతే అతుక్కుని పాడవుతాయి. అక్క పడుగు చాచిన రోజు బావ ఒక కొస పట్టుకున్నాడు. మిగతావాళ్లు వదిలేశారు. పోగులు మట్టిలో పడ్డాయి.

"మనుషులను కాల్చిన చెయ్యి," అన్నాడు కులపెద్ద. "ఆఖరుకు ముట్టినోడిదే తప్పు."

కొన్ని నెలలకు విచారణ ఫలితం పేపర్లో వచ్చింది. అరుగు మీద నిలబడి గట్టిగా చదివాను. ఇంజను లోపలి కడ్డీ పగిలి విరిగింది, ఆ పగులు పైకి కనబడేది కాదు, మెకానిక్ తప్పు లేదు. గ్రంథాలయంలో చదివిన ముక్క కూడా కలిపాను: పదేపదే ఒత్తిడి పడితే లోహమూ అలసిపోతుంది.

"మనకు రాని అలుపు ఇనుముకు వచ్చిందట!" అని ఎవరో అన్నారు. వీధంతా నవ్వింది.

కులపెద్ద నవ్వలేదు. "తప్పు చేసినోడు పదిమంది ముందట మొక్కితే కలుపుకుంటం. గది మన కట్టు. చెయ్యలేదన్నోన్ని ఎట్ల కలుపుకోవాలె? గా కట్టు మనకు లేదు కదా."

ఇంట్లో అక్క బావ మొహం కూడా చూడలేదు. "నువ్వు చేసి ఉన్నా బాగుండు. మొక్కి బయటపడుతుంటిమి. నీ నిజాన్ని నంజుకొని తినాల్నా?"

మర్నాడు పొద్దున అక్క మళ్లీ పడుగు చాచింది. బావ వీధి నడుమ మోకరిల్లి, "తప్పయింది," అన్నాడు. వెంటనే అన్ని చేతులూ పడుగును పట్టుకున్నాయి. పేపరు మడిచి చొక్కా జేబులో పెట్టుకుని నేనూ ఒక పక్క నిలబడ్డాను.

"ఓ విమానం అల్లుడా, జర గట్టిగ గుంజు!" అని అవతలి కొస నుంచి కేక వచ్చింది. "గిదన్నా కూలగొట్టకు!"

అక్క కూడా నవ్వింది. బావ గుంజాడు.